నల్ల కారుకు పూసిన పసుపు

వస్తువులకు అదృష్టమూ దురదృష్టమూ ఉండవని నేను లెక్కలేనన్ని సభల్లో వాదించాను. అమావాస్య, మంగళవారం, తుమ్ము, పిల్లి, ఎదురొచ్చిన విధవ. వీటన్నిటి మీదా యుద్ధం ప్రకటించిన ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ యుద్ధంలో నాకు దొరికిన ఆయుధాల్లోకెల్లా పదునైనది ఏ గ్రంథంలోనూ లేదు. అది మా అక్కయ్య నడిపిన ఒక ముసలి నల్ల కారు. దాన్ని ఉంచుకోవాలా, తీసేసి కొత్తది కొనాలా అన్న చర్చ మా ఇంట్లో ఒక వేసవంతా నడిచింది. నేను జీవితంలో విన్న గొప్ప వాదన ఆ చర్చను ముగించింది. అది జరిగింది ఏ గ్రంథాలయంలోనో కాదు, గౌలిపురలో ఒక బర్ల కొట్టం ముందు.

అక్కయ్య డాక్టరు. నాకంటే చాలా పెద్దది. కోస్తాలో మా నాన్న సంస్కరణ సభలకు మమ్మల్ని చెరో చేత్తో పట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ సభల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి మాటను ఖండించే ముందు ఆ మాటను నీ నోటితో నువ్వే చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని అతను తల ఊపాలి. ఊపితేనే నీకు జవాబు చెప్పే హక్కు. దాన్ని పూర్వపక్షం అనేవారు. నాన్న దాన్ని ఇంట్లో కూడా అమలుచేశాడు. కాకరకాయ కూర వద్దని నేను మారాం చేస్తే, “సరే, అమ్మ ఎందుకు వండిందో ముందు చెప్పు. అమ్మ తల ఊపాక నీ అభ్యంతరం విందాం” అనేవాడు. చెప్పడం పూర్తయ్యేలోపల కూర తినేసేవాణ్ణి.

అక్కయ్యకు పెళ్లైన కొద్ది కాలానికే బావ పోయాడు. ఆమె చదువు ఆపలేదు. తలుపు చాటుకు పోలేదు. నాకు హైదరాబాదులో సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వస్తే నాతోపాటు వచ్చేసింది. సైదాబాద్‌లో ఇల్లు తీసుకున్నాం. అరవైల చివరి రోజులవి. ఆడ డాక్టరు లేని చోటే ఆసుపత్రి పెట్టాలని పట్టుబట్టి, గౌలిపురలో పాల వ్యాపారం చేసే కుటుంబాల మధ్య, రెండు గదుల్లో వైద్యం మొదలుపెట్టింది.

రోగులు రాలేదు. మగవాళ్లు జ్వరానికి మందు తీసుకుని పోయేవాళ్లు. గర్భిణీ స్త్రీల ఇళ్లు మాత్రం ఆమెకు తెరుచుకోలేదు. పొద్దున్నే పాల క్యాన్లతో బయల్దేరినవాళ్లు అక్కయ్య ఎదురైతే వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరేవాళ్లు. ఆమె నుదుట బొట్టు లేదు. అంతే ఆమె నేరం. చదువుకుని, కత్తెర పట్టుకుని, ప్రాణం నిలబెట్టడానికి వచ్చిన మనిషిని చూసి దేశం మంచినీళ్లు తాగుతోంది!

కారు సంగతి అప్పుడే తెలిసింది. షాలిబండ దగ్గర ఒక ఉస్తాద్ షెడ్డులో దుమ్ము కప్పుకుని పడి ఉంది. గుండ్రటి మడ్‌గార్డులు, మందమైన ఇనుము, లోపల చెక్క పలక మీద అమర్చిన మీటర్లు. ఏదో పెద్ద దేవిడీ వాళ్లు, పాత నవాబుల భవంతి వాళ్లు, కొన్న బండి. ఆ ఇంటి పెళ్లికొడుకు బరాత్ ఊరేగింపుకు ముందే జ్వరంతో పోయాడట. తర్వాత కార్వాన్‌లో ఒక వ్యాపారి కొంటే ఆయన గోదాము కాలిపోయిందట. ఇక ఎవరూ తాకలేదు.

“ఇది వద్దు డాక్టర్ సాబ్,” అన్నాడు ఉస్తాద్, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. “ఇంజన్ మంచిగున్నది, అబద్ధం చెప్ప. కానీ మన్హూస్ గాడీ. పెండ్లికొడుకును తిన్నది, గోదామును తిన్నది. అచ్చిరాని బండిని ఎవరన్న పైసలిచ్చి తెచ్చుకుంటరా?”

అక్కయ్య పూర్వపక్షం మొదలుపెట్టింది. “అంటే ఉస్తాద్, జ్వరం బండిలోంచి వచ్చింది, నిప్పు కూడా బండిలోంచే వచ్చింది. అంతేనా?”

ఉస్తాద్ తల ఊపబోయి ఆగాడు. “గట్ల ఎవరన్నరమ్మా? జ్వరమెక్కడి నుంచి వచ్చిందో నాకేం ఎరుక.”

“మరి నన్ను కూడా ఈ పేటలో మన్హూస్ అనే అంటున్నారు. ఒక గూటిలో ఇద్దరం సరిపోతాం. స్టార్టు చెయ్యి.”

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేనేం చేయను? మా ఇంట్లో నేను పుట్టాక తీసుకున్న నిర్ణయాల్లో నన్ను అడిగినవి చాలా తక్కువ.

అలా ఆ బండి మాకు వచ్చింది. అక్కయ్య చెప్పులు విడిచి, ఉత్తి కాళ్లతో నడిపేది. క్లచ్ బరువుగా ఉండేది. అరికాలికి తెలియాలి, చెప్పుకు తెలియదు అనేది. పాతబస్తీ సందుల్లో నేతచీర కట్టిన ఆడమనిషి కారు తోలుతుంటే టీ కొట్ల దగ్గర కప్పులు గాలిలో ఆగిపోయేవి. సెల్ఫ్ పనిచేయని ఉదయాల్లో ముందు నిలబడి హ్యాండిల్ తిప్పడం నా ఉద్యోగం. ఆఫీసులో కంటే ఆ ఉద్యోగంలోనే ఎక్కువ చెమటోడ్చాను.

ఒక వానాకాలం గౌలిపుర సందుల్లో మోకాళ్లలోతు నీళ్లు నిలిచాయి. రిక్షాలు రాలేదు. ఒక ఇంట్లో పిల్లకు నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగింది. దారి లేక అక్కయ్య తలుపు తట్టారు. ఆ నీళ్లను చీల్చుకుంటూ ఆ ఎత్తు చక్రాల ముసలి బండి పడవలా పోయింది. తల్లీ బిడ్డా క్షేమంగా వచ్చారు. ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత మరొకరు. ఏళ్లు గడిచాయి. సైదాబాద్ నుంచి గౌలిపుర, గౌలిపుర నుంచి పెద్దాసుపత్రి, అక్కణ్ణుంచి మళ్లీ ఇల్లు. బండిలోని మైళ్ల మీటరు చివరి అంకెదాకా పోయి, సున్నాలకు తిరిగి, మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టడం మొదలుపెట్టింది. దేవిడీలో పెళ్లిళ్ల కోసం పుట్టిన బండి పురుళ్ల బండి అయింది.

నేను ఊరుకుంటానా? సభ పెట్టినప్పుడల్లా ఆ కారెక్కే వెళ్లేవాణ్ణి. “అదిగో, బయట నిలబడి ఉంది, వెళ్లి చూడండి! అచ్చిరానిదని ఊరంతా వెలివేసిన బండి. శకునానికి పనికిరాదని మీరు పక్కకు తప్పుకునే ఆడమనిషి దాన్ని నడుపుతోంది. ఆ ఇద్దరూ కలిసి పుట్టించిన పిల్లలు బడికి పోతున్నారు!” అనేవాణ్ణి. చప్పట్లు మోగేవి.

కానీ నేను చప్పట్లు వింటున్న రోజుల్లోనే గౌలిపురలో మరొకటి మొదలైంది. ఒకనాడు బానెట్ మీద పసుపు కనిపించింది, మూడు వేళ్ల గుర్తులతో. అక్కయ్య దూది తీసి, స్పిరిట్‌లో ముంచి తుడిచేసింది. తర్వాత దీపాల మధ్య కుంకుమ బొట్టు. తర్వాత చక్రం కింద నిమ్మకాయ. “ఎవరమ్మా ఇది?” అని అడిగితే సందులో ఒక్కరూ నోరు మెదపరు. చీర కొంగులు మాత్రం మూతులకు అడ్డం వచ్చేవి. నేను అక్కడే నిలబడి ఉపన్యాసం ఇస్తే శ్రద్ధగా వినేవారు. వెనక్కి తిరగ్గానే మళ్లీ పసుపు.

మన్హూస్ బండి కాస్తా మహిమ గల బండి అయిపోయింది. మూఢనమ్మకం చచ్చిందని నేను సభల్లో డప్పు కొడుతుంటే అది చొక్కా మార్చుకుని మా బండి మీదే కూర్చుంది.

డెబ్బయ్యిల చివరికి బండి నిజంగా ముసలిదైంది. కాళ్ల కింద రేకు తుప్పు పట్టి రోడ్డు కనిపించేది. దానికి ఉస్తాద్ నూనె డబ్బా చదును చేసి అతుకు వేశాడు. వెనక తలుపు తాడుతో కట్టాలి. బ్రేకులు ఒకసారి తొక్కితే వినవు, రెండుసార్లు బతిమాలాలి. విడిభాగాలు ఊళ్లో దొరకవు. ఒకసారి వంతెన మీద, లోపల గర్భిణి ఉండగానే ఆగిపోయింది. బస్సులో వాళ్లు దిగి నెట్టారు.

సరిగ్గా అప్పుడే అక్కయ్యకు కబురొచ్చింది. ఎప్పుడో నమోదు చేయించుకున్న కొత్త కారుకు వంతు వచ్చిందని. ఆ రోజుల్లో కొత్త కారంటే డబ్బు పట్టుకెళ్లి తెచ్చుకునేది కాదు. పేరు రాయించుకుని, మరిచిపోయి, జుట్టు నెరిశాక గుర్తు తెచ్చుకునేది. ఈ వేసవి దాటేలోగా ఔనంటే బండి వస్తుంది. కాదంటే వంతు పోతుంది.

నేను ఉంచుకోవాలన్న పక్షం. ఆ ఇనుము ఇప్పటి బండ్లలో లేదన్నాను. ఆ ఎత్తు చక్రాలు లేకపోతే వానాకాలం గౌలిపురలో అడుగు పెట్టలేవన్నాను. దాని ఒంట్లో ప్రతి ఎముకా ఉస్తాద్‌కు తెలుసన్నాను. “అన్నిటికీ మించి, అది మన వాదానికి సాక్షి. సాక్షిని తుక్కుకు వేస్తామా?”

అక్కయ్య అన్నం కలుపుతూ వింది. “నీ పూర్వపక్షం చెబుతాను, తల ఊపు. బండి బాగుంది కాబట్టి ఉంచుకోవాలని కాదు, అది మనల్ని గెలిపించింది కాబట్టి ఉంచుకోవాలి. అంతేనా?”

నేను ఊపలేదు. ఊపకుండా ఉండటానికి మెడ బిగబట్టాల్సి వచ్చింది.

“నువ్వు దాన్ని చూపించి చప్పట్లు కొట్టించుకున్నావు. వాళ్లు పసుపు రాశారు. పెద్ద తేడా ఏముందిరా?” అని నవ్వింది. కానీ తనూ తేల్చలేదు. ఆమెకూ ఆ బండంటే ప్రాణం. ఇంటికి రాగానే దాని ముక్కు మీద గుర్రాన్ని తట్టినట్టు తట్టేది. “నొప్పులు పడుతున్న మనిషి ఇందులో క్షేమంగా చేరుతుందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. దానికి జవాబు నీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. చూద్దాం” అంది. బ్రేకులు మళ్లీ చూడమని బండిని ఉస్తాద్ దగ్గర వదిలి, ఆటోలో ఆసుపత్రికి పోసాగింది.

జవాబు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది.

గౌలిపురలో పేరున్న పాల ఇల్లొకటుంది. ఆ ఇంటి యజమానురాలు ఒక అవ్వ. భర్త పోయి చాలా కాలమైంది. బర్లనూ కొడుకునూ కోడలినీ ఒకే గొంతుతో అదిలించేది. ఆ కోడలికి తొలికాన్పు. నొప్పులు మొదలయ్యాయంటే అక్కయ్య వెళ్లింది. నేను మందుల పెట్టె పట్టుకుని వెంట ఉన్నాను. చూసి బయటికి వచ్చి, “ఇక్కడ కాదు. బిడ్డ అలిసిపోతోంది. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఆటో పిలవండి” అంది.

ఆటో వచ్చి కొట్టం ముందే నిలబడింది. ఎవరూ కదల్లేదు.

“నల్ల బండి ఏదమ్మా?” అంది అవ్వ.

“షెడ్డులో ఉంది. చక్రాలు ఊడదీశారు.”

“కొడుకును ఉరికిస్త. బిగిచ్చుకొని తెస్తరు. జరసేపు ఓపిక పట్టు డాక్టరమ్మా.”

“ఓపిక పట్టడానికి అది పాలు కాగడం కాదవ్వా! బిడ్డకు ఊపిరి ఆడటం లేదు!”

లోపలి నుంచి కోడలు, మంచం పట్టెను గట్టిగా పట్టుకుని, పళ్ల బిగువున అరిచింది. “ఆటోల నేను పోను! నల్ల బండొస్తెనే పోత! నన్ను సంపుతరా ఏంది?”

కొడుకు రొప్పుతూ వచ్చాడు. “ఉస్తాద్ బిగిస్తుండు. గిప్పుడే, గిప్పుడే అంటుండు.” మళ్లీ ఎదురుచూపు. ఆటోవాడు తల బయటపెట్టి, “క్యా అమ్మా, సవారీ ఉన్నదా లేదా?” అన్నాడు. నేను అవ్వకు హేతువాదం చెప్పబోయాను. ఆమె నా వైపు చూసిన చూపులో, పాలలో పడ్డ ఈగను చూసినంత గౌరవం ఉంది.

అప్పుడు అక్కయ్య చేసిన పని నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. నా చేతిలోని పెట్టె లాక్కుని, వెళ్లి ఆటోలో కూర్చుంది. “నేను ఆసుపత్రికి పోతున్నాను. మీ నల్ల బండి వచ్చాక దాంట్లో రండి. అక్కడ నేను లేకపోతే ఆ బండి కాన్పు చేస్తుందేమో అడగండి. పోనీవయ్యా!”

ఆటో కదిలింది. అవ్వ గొంతు చీల్చుకుని లేచింది. “ఆపు, ఆపురా నీ బొంద! లే పిల్లా! డాక్టరమ్మ పోతుంది, లే!” మంచంతో సహా ఎత్తుకొచ్చినంత పని చేశారు. కోడలు అక్కయ్య ఒళ్లో తల పెట్టుకుని ఆ ఆటోలోనే వెళ్లింది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. రంగు మారి, వాలిపోయి ఉంది. అక్కయ్య ఆ పసికందు నోటికి తన నోటితో ఊపిరి పోస్తూ, వీపు నిమురుతూ, అరికాళ్లు రుద్దుతూ నిలబడిందట. అక్కడి నర్సు తర్వాత చెప్పింది, “మేమంతా ఆశ వదిలేశాం, ఆవిడ వదల్లేదు” అని. చివరికి ఆ పిల్ల పిల్లికూనలా ఒక కూత కూసింది.

తల్లీ పిల్లా ఇంటికి వచ్చేనాటికి నల్ల కారు తయారైంది. ఉస్తాదే వాళ్లను అందులో దింపాడు. ఆ సాయంత్రం మేం వెళ్లేసరికి, సందు మొగదల కారు నిలబడి ఉంది. బానెట్ నిండా పసుపు, దీపాలకు కుంకుమ, అద్దానికి బంతిపూల దండ. పిల్ల ఆ బండి చలవవల్లే దక్కిందట!

అక్కయ్య ముఖం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె అరవలేదు. కొట్టం ముందు నులకమంచం మీద కూర్చుంది. అవ్వ ఎదురుగా పాలకుండ తోముతోంది. బర్లు నెమరు వేస్తున్నాయి. పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే గోడల మీదుగా తలలు పెట్టారు.

“అవ్వా, నీ మాట నేను చెబుతాను. సరిగ్గా చెబితే తల ఊపు,” అంది అక్కయ్య. “ఆ బండి చెయ్యి మంచిది. అందులో పోయినవాళ్లెవరూ ఒట్టి చేతులతో రాలేదు. అందుకే ఆటో వద్దన్నావు. ఔనా?”

“ఔ. గంతే.” అవ్వ గట్టిగానే ఊపింది.

“ఇద్దరు వచ్చారు. ఒట్టి చేతులతో.” అక్కయ్య ఆ రెండిళ్ల పేర్లూ చెప్పింది. గోడల మీది తలలు దించుకున్నాయి. “ఆ ఇద్దరినీ ఆ బండిలోనే నేనే తీసుకెళ్లాను. వాళ్లనెందుకు మరిచిపోయారు?”

“వాళ్లది వాళ్ల రాత డాక్టరమ్మా.”

“దక్కితే బండి చలవ, పోతే వాళ్ల రాత. ఇంక బండికి ఓటమెక్కడిది? మొన్న నీ కోడలు ఆసుపత్రికి పోయింది ఆటోలో. అయినా పసుపు ఆటోకు రాయలేదు, షెడ్డులో చక్రాల్లేకుండా పడి ఉన్నదానికి రాశారు. ఆ ఎదురుచూపులో పిల్ల పోయి ఉంటే? అప్పుడూ రాతేనా?”

నేను లోలోపల చప్పట్లు కొట్టాను. ఇక జవాబేముంటుంది? అవ్వ కుండ బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

“నీ లెక్కనే నేను గూడ చెప్త. నువ్వు తల ఊపాలె మల్ల.”

“చెప్పు.”

“మేం మొద్దులం. ఇనుముకు మొక్కెటోల్లం. పిల్లను నువ్వు బతికిస్తే పేరు బండికి పెడుతున్నం. గిదేగద నీ కడుపుల ఉన్నది?”

అక్కయ్య కొంచెం సిగ్గుపడి, తల ఊపింది. నేను కూడా ఊపాను, నన్నెవరూ అడగకపోయినా.

“మరి మాకు ఎరుక లేదనుకున్నవా, బతికిచ్చింది ఎవ్వలో?” అవ్వ గొంతు మారింది. “నోట్ల నోరు పెట్టి ఊపిరి పోసినవంట. నర్సమ్మ చెప్పింది. గసుంటి మనిషికి పసుపు రాయాలె, బొట్టు పెట్టాలె, కాళ్లు మొక్కాలె. నీకెట్ల పెట్టాలె? పెట్టొద్దాయె. నువ్వు గూడ నా అసుంటిదానివే. పసుపు చేతుల పట్టుకొని తిరుగుతున్నం, పెట్టతందుకు జాగ లేదు. నీ బండి ఉన్నది, దానికి రాసినం.”

ఒక బర్రె తోకతో ఈగలు తోలుకుంది.

నేను ఎంతోమంది వక్తల్ని విన్నాను. కంఠాలు, సంస్కృత సమాసాలు, బల్ల గుద్దుళ్లు. కానీ ఒక ఆచారం మనుషుల నడుముకు కట్టిన తాడును ఇంత సూటిగా చూపించిన మాట వినలేదు. ఏళ్ల తరబడి అక్కయ్య స్పిరిట్‌తో తుడిచేసింది తనకు పెట్టబోయి ఆగిపోయిన పసుపును! అవ్వ చెప్పినదాంట్లో నిజముంది. అంతమాత్రాన ఆ ఆచారానికి క్షమాపణ లేదు. మనిషికి ఇవ్వాల్సిన కృతజ్ఞతను ఇనుముకు మళ్లించి, చివరికి ఆ ఇనుము కోసం కడుపులోని బిడ్డను ఆపగలిగిన ఆచారం అది.

అక్కయ్య తన పాదాల వైపు చూసుకుంది. తర్వాత లేచింది.

“సరే అవ్వా. ఆ బండి ఇక ఉండదు. కొత్తది తెస్తున్నాను. దానికి ఎవరైనా పసుపు రాస్తే ఆ ఇంటికి నేను మళ్లీ రాను. రాయాలనిపిస్తే జాగా ఉంది.” పాదం కొంచెం ముందుకు పెట్టింది. “నాకు రాస్తే నీకు కూడా రాయాలి. నీ మనవరాలిని తొట్టెలలో వేసే రోజున నువ్వు తలుపు వెనక నిలబడితే నేను గుమ్మం ఎక్కను.”

“గట్లెట్ల అయితదమ్మా! నలుగురు ఏమంటరు?”

“నలుగురూ ఇక్కడే ఉన్నారు. గోడల మీద. అడుగు.”

అవ్వ బోర్లించిన కుండను మళ్లీ తోమడం మొదలుపెట్టింది. గోడల మీది తలలు ఒక్కొక్కటే దిగిపోయాయి. మేం బయల్దేరాం. కారు తుడవడానికి నేను దూది తీస్తే అక్కయ్య వద్దంది. ఆ పసుపుతోనే ఇంటికి నడిపింది. ఆ రాత్రే కొత్త కారుకు ఔనని జవాబు రాసింది. నేను ఈసారి పూర్వపక్షం లేకుండానే తల ఊపాను.

పాత కారును కొనడానికి మొదట వచ్చింది గౌలిపుర వాళ్లే. “నడవకపోయినా మంచిదే, కొట్టంల ఓ మూలకు పెట్టుకుంటం” అన్నారు. “రేపు దానికి గోపురం కడతారు” అని అక్కయ్య ఇవ్వలేదు. ఏ భాగానికి ఆ భాగం విప్పెయ్యమని ఉస్తాద్‌కు చెప్పింది. అదీ పట్టపగలు, షెడ్డు తలుపులు తెరిచి, చూడదలిచినవాళ్లు చూసేలా. ఒకప్పుడు దాన్ని మన్హూస్ అన్న ఆ ఉస్తాదే స్పానర్ పట్టుకుని ఏడుపు ముఖం పెట్టాడు. “ఈ లోహా ఇప్పుడు ఎక్కడ దొరుకుతదమ్మా? నా చేత్తోని ఎట్ల ఇప్పాలె?”

“ఎన్నిసార్లు విప్పలేదు ఉస్తాద్? ఈసారి బిగించకు, అంతే.”

చాలామంది ఆడవాళ్లు వచ్చి చూశారు. బానెట్ లేచింది, చక్రాలు ఊడాయి, ఇంజను గొలుసుకు వేలాడింది. ఎక్కడా ఏ దేవతా లేదు. నూనె, మసి, అరిగిన పళ్ల చక్రాలు, దశాబ్దంపైగా మనుషుల్ని మోసిన మంచి ఇనుము. దానికి నా నమస్కారం. పనితనానికి నమస్కరించడం మూఢత్వం కాదు. వెనక సీటును మాత్రం అక్కయ్య ఆసుపత్రి వరండాలో వేయించింది. మొక్కడానికి కాదు, కూర్చోవడానికి.

అవ్వ మనవరాలు మొదట్లో నలతగా ఉండటంతో తొట్టెల వేడుక ఆలస్యంగా పెట్టుకున్నారు. అప్పటికి కొత్త కారు వచ్చింది. లేత రంగు, పల్చటి రేకు, ముద్దులొలికే హారన్. నాకు దాని మీద ఇష్టం కలగడానికి చాలా కాలం పట్టింది. పిలవడానికి అవ్వ స్వయంగా వచ్చి, గుమ్మం బయటే నిలబడి, “రా డాక్టరమ్మా. లొల్లి అయితే కానీ” అంది.

కారు సందు మొగదల ఆపాం. దాని వైపు ఎవరూ చూడలేదు. లోపల చాప మీద పేటలోని ముత్తైదువలు వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో జాగా వదిలారు. అక్కయ్య కూర్చుంది. చివర్న కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వెళ్లిపోయింది. ఇంకో ఇద్దరు లేవాలా వద్దా అన్నట్టు కదిలి, ఉండిపోయారు. కోడలు పసుపు గిన్నెతో వచ్చి, నేరుగా అక్కయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రాసింది. చీలమండల దాకా, ఉదారంగా, గోడకు సున్నం వేసినట్టు రాసింది. తర్వాత లేచి, గోడ వారగా నిలబడ్డ అత్తగారి దగ్గరికి వెళ్లింది.

అవ్వ కాలు వెనక్కి లాక్కుంది. “ఏందే పిల్లా, సర్వనాశనం! నాకొద్దు!”

“పెట్టిచ్చుకో అత్తమ్మా. నీకు పెట్టకపోతే డాక్టరమ్మ పోతదట.”

“పోతాను,” అంది అక్కయ్య.

అవ్వ కళ్లు మూసుకుని కాలు ముందుకు పెట్టింది. రాస్తున్నంతసేపూ “కితకితలే, ఆపే” అని గొణిగింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అందరూ నవ్వుతున్నారు. తొట్టెలలోని పిల్ల మాత్రం, అప్పుడు ఏడవనందుకు ఇప్పుడు బాకీ తీరుస్తున్నట్టు, ఇల్లెగిరేలా ఏడ్చింది.

మర్నాడు పొద్దున నేను కొత్త కారు కడుగుతున్నాను. లోపల క్లచ్ పెడల్ మీద పసుపు అంటి ఉంది. అక్కయ్య ఎప్పటిలాగే చెప్పులు విడిచి నడిపింది మరి. అలవాటు కొద్దీ గుడ్డ తడిపి వంగాను.

“అది తుడవకు,” అంది అక్కయ్య, మెట్ల మీద నిలబడి. “బండికి పూసింది కాదురా. నా కాలిది.”